సౌండ్ లేకుండా చూసే వీడియో యాడ్‌లో తెర మీద ఏం రాయాలి?

ఎంవీపీ కాలనీలో మీ స్వీట్ షాపుకి యాడ్ చేయిస్తున్నామని, వాయిస్‌లో చెప్పే మాటలే తెర మీద వేసేస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ. నేనూ మొదట అలాగే చేసి దెబ్బతిన్నాను.

మూడేళ్ల కిందట ఇక్కడే వైజాగ్‌లో మాడుగుల హల్వా అమ్మే ఒకాయనకి ఇన్‌స్టా రీల్ రాశాను. "తరతరాల రుచి, స్వచ్ఛమైన నెయ్యి, గోధుమ పాలు" అంటూ వాయిస్ సాగుతుంటే అవే మాటలు కింద పరుగెడుతుంటాయి. ఎడిటింగ్ రూంలో స్పీకర్లు పెట్టుకుని చూసి తెగ మురిసిపోయాం. తీరా గాజువాక బస్సులో ఫోన్ మ్యూట్‌లో పెట్టి చూస్తే, చదవబోయేలోపే లైను మారిపోతోంది, మాటలు చదివితే హల్వా కనబడదు, హల్వా చూస్తే మాటలు పోతాయి. పైగా ధర, అడ్రసు తెర అడుగున వేశాం. రీల్స్‌లో సరిగ్గా అక్కడే అకౌంట్ పేరు, క్యాప్షన్, బటన్ వచ్చి కూర్చుంటాయి. ఫోన్ చేసినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న, "పావుకిలో ఎంతండీ, షాపు ఎక్కడండీ?" అని. "అదే కదా బాబూ నీతో రాయించింది" అన్నారాయన, ఏం చెప్పను!

మళ్లీ రాశాం. గరిటె నుంచి నెయ్యి కారుతూ కనిపిస్తుంటే "నెయ్యి" అని రాయడం దండగ. బొమ్మ చెప్పలేనివే రాయాలి. మొదటి షాట్‌లోనే "మాడుగుల హల్వా, వైజాగ్‌లోనే", తర్వాత పావుకిలో ధర అంకెల్లో, చివర్లో ఏ జంక్షన్ దగ్గరో, అంతే. ఒక్కో ముక్కనీ నింపాదిగా రెండుసార్లు చదివేంతసేపు ఉంచాను. మన వాక్యంలో క్రియ చివరికి వస్తుంది కాబట్టి "లభించును", "అందిస్తున్నాం" లాంటివి కోసేయండి, అర్థం ఏమీ చెడదు.

1080 x 1920 రీల్ ఫ్రేములో పైన సుమారు 14 శాతం, కింద 35 శాతం, పక్కల 6 శాతం చొప్పున రాతలు లేకుండా వదలమని ఇన్‌స్టా నడిపే మెటా వాళ్లే చెప్తారు. ఇంగ్లిష్ అలవాటుతో లైన్లు దగ్గరగా పెడితే మాత్రం పై లైను ఒత్తులు కింది లైను గుడులకి తగులుతాయి. రామభద్ర లాంటి లావు ఫాంట్ పెద్దగా వేస్తేనే బాగుంటుంది. ఎడిటింగ్ ప్రీమియర్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తుంటే సెట్టింగ్స్‌లో టెక్స్ట్ ఇంజిన్‌ని సౌత్ ఏషియన్‌కి మార్చమనండి, లేకపోతే ఒత్తులు విడిపోయి "స్వచ్ఛమైన" చూడలేని రూపంలో వస్తుంది (ఆ మాట ఎలాగూ వద్దులెండి, ప్రతి షాపువాడూ రాసేదే).

అప్‌లోడ్ చేసే ముందు మా అమ్మకి ఫోన్ మ్యూట్‌లో పెట్టి ఇస్తాను. ఒక్కసారి చూపించి, ఏం అమ్ముతున్నారు, ఎంత, ఎక్కడ అని అడుగుతాను. మొన్న బెల్లం పాకం షాట్ చూసి "ఇంజిన్ ఆయిలా?" అంది. ఆ రాత్రే మొదటి షాట్ మీద "బెల్లం గవ్వలు" అని పెద్దక్షరాలతో వేశాం.