ఒరే చిన్నా, గుర్రం తల నాణెం కొనే ముందు ఇది చదువు

చిన్నా,

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన నాలుగు లింకులూ చూశాను, నాలుగూ కొనకు. మూడిటికి ఒళ్లంతా గుంటలే, నేలలోంచి తవ్వి తీసినవి. నాలుగోదాన్ని ఎవరో తోమేసి ఆ గులాబీ రంగు తెప్పించారు, సెల్లరేమో దానికి లస్టర్ (కొత్త నాణెం మెరుపు) అని పేరు పెట్టి రేటు డబుల్ చేశాడు. 1787 నాటి రాగి కొత్త బిందెలా మెరుస్తోందంటే ఎవరో దాని మీద చెయ్యి చేసుకున్నారనే లెక్క. మంచి రాగి గోధుమరంగులో, కాస్త చాక్లెట్ రంగులో, నున్నగా ఉంటుంది.

ఎడిసన్‌లో ఇల్లు తీసుకున్నావు కాబట్టే అక్కడి పాత రాగి నాణేలు, అంటే న్యూజెర్సీ కాపర్స్‌తో మొదలెట్టమన్నాను. ఒకవైపు గుర్రం తల, దాని కింద నాగలి, చుట్టూ నోవా సీజేరియా (న్యూజెర్సీకి లాటిన్ పేరు) అని రాసి ఉంటుంది, రెండో వైపు షీల్డు (డాలు), ఈ ప్లూరిబస్ ఊనమ్ అనే లాటిన్ మాటలు. ఆ గుర్రం తల ఇప్పటికీ మీ రాష్ట్రం జెండా మీద ఉంది చూడు. ఇవి కొట్టిన రాహ్వే ఊరు మీకు పక్కనే. అప్పటికి ఫిలడెల్ఫియాలో నాణేలు కొట్టే ఫెడరల్ మింటే లేదు, అది 1792 చట్టంతో వచ్చింది. 1786 జూన్ 1న న్యూజెర్సీ వాళ్లు గోడ్స్‌బీ, కాక్స్, మౌల్డ్ అనే ముగ్గురికి 30 లక్షల నాణేలు కొట్టే కాంట్రాక్టు ఇచ్చారు, ఒక్కోటి 150 గ్రెయిన్లు, అంటే 9.7 గ్రాములు, అందులో పదో వంతు సర్కారుకి. కాంట్రాక్టు అన్నాక గొడవలు రాకుండా ఉంటాయా, వాళ్లూ విడిపోయారు, మౌల్డ్ మోరిస్‌టౌన్ పోయి వేరే పెట్టుకున్నాడు, ఎలిజబెత్‌టౌన్‌లో మథయస్ ఆగ్డెన్ దగ్గర ఇంకోటి నడిచింది. ఆగ్డెన్ దగ్గర కొత్త రాగి బిళ్లల బదులు వేరే పాత నాణేల మీదే అచ్చు కొట్టేసేవాళ్లు, అందుకే కేమెల్ హెడ్ అనే రకంలో (గుర్రం నిజంగానే ఒంటెలా ఉంటుంది) కింద పాత నాణెం అక్షరాలు దెయ్యాల్లా కనిపిస్తుంటాయి. నాకైతే అవే ఇష్టం, పైగా అదేం దొరకని రకం కూడా కాదు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు సంవత్సరం చూసి కొంటున్నావు, 1786 ఒకటి, 1787 ఒకటి, 1788 ఒకటి అయిపోతే సెట్ అయిపోయినట్టే అనుకుంటున్నావు. ఈ ఫీల్డులో సంవత్సరం ఒక్కటే చూస్తే పని అవ్వదు. డైలు, అంటే నాణెం కొట్టే అచ్చులు, అన్నీ చేత్తో తయారు చేసినవి, రెండు డైలు ఒకేలా ఉండవు, నాగలి పిడి ఎక్కడ మొదలైంది, షీల్డు కొస ఏ అక్షరాల మధ్యకి వచ్చింది, గుర్రం మెడ కింద ఖాళీ ఎంత, ఇవి చూసే ఏ రకమో తేలుస్తారు. ఎడ్వర్డ్ మారిస్ అని ఫిలడెల్ఫియా డాక్టరు ఒకాయన 1881లో వీటన్నిటికీ నంబర్లు ఇచ్చాడు, బొమ్మ వైపుకి అంకె, షీల్డు వైపుకి అక్షరం. కేమెల్ హెడ్ మారిస్ 56-ఎన్, సర్పెంట్ హెడ్ 54-కె, అలా. ఇలాంటివి వందకి పైగా ఉన్నాయి. వీటిల్లో కొన్ని ఏ షోకి వెళ్లినా దొరుకుతాయి, కొన్ని జన్మలో ఒకసారి కనపడితే గొప్ప. 1786 తేదీ మామూలుగా నాగలి కింద ఉంటుంది, అదే తేదీ నాగలి దూలం కిందకి వచ్చిందా, ఇక ఆ నాణెం మన జేబు స్థాయి కాదు, చూసి దణ్ణం పెట్టుకోవడమే. గుర్రం ఎడమవైపు తిరిగి ఉంటే ఆగి చూడు. ప్లూరిబస్‌లో రెండో యూ ఎగిరిపోయిన డై కూడా ఉంది, అది స్పెల్లింగు చదివేవాడికి మాత్రమే కనపడుతుంది.

చాలామంది డీలర్లు ఇవేమీ చూడరు, "1787 న్యూజెర్సీ" అని కవరు మీద రాసి పడేస్తారు. నీకు నంబరు తెలిస్తే మామూలు రేటుకి అరుదైనది పట్టుకోవచ్చు, తెలియకపోతే మామూలుదానికే అరుదైన రేటు ఇచ్చి వస్తావు. అందుకని మొదటి ఆర్నెల్లు డబ్బులు పుస్తకాల మీద, ఒక పది ఎక్స్ లూప్ (పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం) మీద పెట్టు, పాత వేలం కేటలాగుల ఫొటోలు ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఉంటాయి, రాత్రి వెబ్ సిరీస్ బదులు అవి చూడు (కోడలు పిల్ల నన్ను తిట్టుకున్నా పర్లేదు). సీ4 అనే కలోనియల్ కాయిన్ కలెక్టర్స్ క్లబ్బులో చేరు, తర్వాత లార్జ్ సెంట్ల (అమెరికా వాళ్ల పాత పెద్ద రాగి సెంట్లు) మీదకి మనసు పోతే ఈఏసీ, అంటే ఎర్లీ అమెరికన్ కాపర్స్ అనే క్లబ్బు ఉంది, 1967 నుంచి నడుస్తోంది. వాళ్ల గ్రేడింగు (నాణెం ఎంత బాగుందో చెప్పే అంకె) స్లాబుల మీద, అంటే గ్రేడింగు కంపెనీలు సీల్ చేసిచ్చే ప్లాస్టిక్ పెట్టెల మీద ఉండేదానికన్నా కఠినం, కాబట్టి స్లాబ్ మీద 40 ఉన్నది వాళ్ల లెక్కలో 30 అయితే కంగారు పడకు, రెండు కొలబద్దలు వేరు అంతే.

లార్జ్ సెంట్లు అన్నాను కదా, ఒక మాట చెప్పి వదిలేస్తా. ఉత్తర సర్కారుల కోసం ఈస్ట్ ఇండియా కంపెనీ 1794లో కొట్టించిన "48 టు వన్ రుపీ" రాగి నాణెం మీ తాతయ్య పెట్టెలో చూశావు గుర్తుందా, అది బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బౌల్టన్ సోహో మింటులో తయారైంది. అదే బౌల్టన్ తర్వాత అమెరికా సెంట్లకి రాగి బిళ్లలు ఓడల్లో పంపేవాడు. మధ్యలో 1812 యుద్ధం వచ్చి బ్రిటన్ నుంచి బిళ్లలు ఆగిపోయాయి, 1815 తేదీతో సెంటే లేదు. ఎవడైనా 1815 సెంటు అమ్మజూపితే నవ్వి పక్క టేబుల్‌కి పో.

దొంగ నాణేల సంగతి. బరువు తప్పకుండా చూడు, అయితే ఈ న్యూజెర్సీవి కొట్టినప్పుడే బరువులు అటూ ఇటూ ఉండేవి కాబట్టి బరువు ఒక్కటే చూసి తీర్పు ఇవ్వకు. అంచు చుట్టూ అతుకు గీత, మీద చిన్న చిన్న బుడగ గుంటలు ఉంటే పోత పోసిందని. అమెరికాలో 1973 చట్టం వచ్చాక నకలు మీద కాపీ అని ముద్ర ఉండాలి, దాన్ని అరగదీసేసే మహానుభావులు ఉన్నారు, ఏదో ఒక చోట మాత్రమే నున్నగా ఉంటే అక్కడ ఏం ఉండేదో ఆలోచించు.

ఇంట్లో ఎవ్వరినీ ముట్టుకోనివ్వకు, ముఖ్యంగా దేవుడి సామాన్లు తోమే రోజున. చింతపండు, పీతాంబరి, నిమ్మకాయ, ఇవి తగిలాయంటే ఆ నాణెం విలువ అక్కడికక్కడే సగానికి పైగా పోతుంది, మళ్లీ రాదు. నువ్వూ వేలితో ముఖం మీద ముట్టుకోకు, అంచులు పట్టుకో, వేలిముద్ర రాగిలోకి దిగిపోతుంది. మెత్తటి ప్లాస్టిక్ కవర్లు వద్దు, పీవీసీ వల్ల పచ్చటి జిగురు వస్తుంది, మైలార్ (పీవీసీ లేని ప్లాస్టిక్) కవర్లో గానీ కాటన్ సంచీ, కాగితం కవరులో గానీ పెట్టు. బేస్‌మెంటులో మాత్రం పెట్టకు, న్యూజెర్సీ ఎండాకాలం బేస్‌మెంటు తేమ సంగతి నీకు తెలుసు, పై అంతస్తులో సిలికా జెల్ ప్యాకెట్లతో పెట్టు.

మొదటిది బాగా అరిగినా సరే, సాఫు ఒళ్లున్నది, వంద నూట యాభై డాలర్ల దగ్గర ఒక్కటే కొను. గ్రేడు పెద్దదైనా గుంటలున్నది వద్దు. కొనే ముందు రెండు వైపులా ఫొటోలు, అంచు ఫొటో, బరువు నాకు పంపు, నీకు తోచిన మారిస్ నంబరు కూడా రాయి, అది లేకుండా పంపితే నేను తెరిచి కూడా చూడను.

బాబాయి