సర్వీసింగ్ అయ్యాక కారు బుసకొడుతోంది... ఏ యాప్ వాడాలి?

ప్రశ్న: మాది మూడు సిలిండర్ల పెట్రోల్ కారు. పోయిన వారం 10,000 కిలోమీటర్ల సర్వీసింగ్ చేయించాను. అప్పటి నుంచి యాక్సిలరేటర్ తొక్కితే చాలు, బానెట్ లోపల బుస్‌మని చప్పుడు. అంతకుముందు లేదు. సర్వీస్ సెంటర్‌లో అడిగితే ‘కొత్త ఆయిల్ కదా సార్, నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుంది’ అంటున్నారు. ఇంజిన్ శబ్దం విని లోపమేంటో చెప్పే యాప్‌లు ఉన్నాయట. వాటిలో ఏది మంచిది?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: యాప్ సంగతి తర్వాత చూద్దాం. ముందు సర్వీసింగ్ బిల్లు తీయండి. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్... ఏమేం మార్చారో అందులో వరసగా ఉంటుంది. మొన్నటిదాకా లేని చప్పుడు సర్వీసింగ్ అయిన రోజే మొదలైందంటే, మెకానిక్ చెయ్యి పడిన చోటే వెతకాలి. ఇంజిన్ ఒక్క పూటలో అరిగిపోదు. క్లిప్పు పెట్టడం మరిచిపోవడానికి మాత్రం అర నిమిషం చాలు.

కొత్త ఆయిల్ బుసకొట్టదు. ఆయిల్ వల్ల తేడా వస్తే అది టకటకమని వినిపిస్తుంది. మీరు చెబుతున్నది గాలి చప్పుడు. నా అనుమానమంతా ఎయిర్ ఫిల్టర్ డబ్బా మీదే. కొత్త ఫిల్టర్ పెట్టాక మూత సరిగ్గా కూర్చోకపోయినా, ఒక క్లిప్పు పడకపోయినా, డబ్బా నుంచి ఇంజిన్‌కు వెళ్లే రబ్బరు గొట్టం బిగింపు వదులైనా ఇంజిన్ ఆ సందులోంచి గాలి పీలుస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఎక్కువ గాలి కావాలి కాబట్టి బుస కూడా అప్పుడే పెరుగుతుంది.

దీనికి ఉల్టా కేసు కూడా ఉంది. కారు ఆగి, ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు స్‌స్‌మని వినిపించి, యాక్సిలరేటర్ తొక్కగానే తగ్గిపోతే లీకు థ్రాటిల్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే తలుపు) దాటాక ఎక్కడో ఉందని అర్థం. ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది. దాని వెనక వ్యాక్యూమ్ బలంగా ఉండి, ఊడిన సన్నటి గొట్టంలోంచి గాలిని లాగేస్తుంది. తొక్కగానే థ్రాటిల్ తెరుచుకుంటుంది, ఆ లాగుడు తగ్గుతుంది. మీ కారులో చప్పుడు ఎప్పుడు పెరుగుతోంది, ఎప్పుడు తగ్గుతోంది అన్న ఒక్క విషయం గమనించి చెబితే మెకానిక్ పని సగం అయిపోయినట్టే.

టర్బో (గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి నెట్టే పరికరం) ఉన్న కారైతే ఇంకో చిక్కుంది. టర్బో గొట్టం వదులైతే వచ్చే ఈల కారు నిలబెట్టి రేజ్ చేస్తే వినపడకపోవచ్చు. బరువు లాగుతూ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడే బయటపడుతుంది. సర్వీస్ సెంటర్‌వాళ్లు ‘మా దగ్గర చప్పుడేం రాలేదు సార్’ అన్నారంటే అబద్ధం చెబుతున్నట్టు కాదు. మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండు వేసి రండి.

ఇక యాప్‌లు. మీ ఆశ నాకు తెలుసు, నేనూ అక్కడే మొదలుపెట్టాను. ఒకసారి సర్వీసింగ్ నుంచి వచ్చాక నా కారు 60 స్పీడు దాటితే కింద దడదడమనేది. ఇన్నేళ్లుగా ఈ కాలమ్ రాస్తున్నాను కదా, ఊరుకుంటానా! ఫోన్‌ను డాష్‌బోర్డు మీద పెట్టి, శబ్దాన్ని గ్రాఫుగా చూపించే యాప్‌తో రెండు సాయంత్రాలు రింగ్ రోడ్డు మీద తిరిగాను. బొమ్మలు అందంగా వచ్చాయి. మూడో రోజు టైర్లకు గాలి కొట్టించుకుంటుంటే, షాపులో కుర్రాడు కిందికి వంగి, ‘సార్, మీ ఇంజిన్ కింద అట్ట వేలాడుతోంది’ అన్నాడు. ఆయిల్ మార్చేటప్పుడు విప్పిన ప్లాస్టిక్ కవరుకు రెండు బోల్టులు తిరిగి పెట్టలేదు. వేగానికి గాలి తగిలి కొట్టుకుంటోంది.

కాబట్టి శబ్దం వినిపించగానే జబ్బు పేరు చెప్పేస్తామనే యాప్‌కు డబ్బు కట్టకండి. బానెట్ కింద ఒక మూల పుట్టిన శబ్దం పది చోట్ల తగిలి ఫోన్‌కు చేరుతుంది. ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడానికి మీటరు పొడవు రబ్బరు గొట్టం మేలు. ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను బుస వస్తున్న వైపు మెల్లగా జరపండి. కారు న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి, సీట్లో ఇంకొకరు ఉండాలి. చున్నీ, టై, వదులుగా ఉన్న చొక్కా చేతులు ఇంజిన్ బెల్టు దగ్గరికి రానివ్వకండి. రేడియేటర్ ఫ్యాన్ చెప్పకుండా తిరగడం మొదలుపెడుతుంది, జాగ్రత్త.

ఫోన్ నిజంగా ఉపయోగపడేది టకటక లెక్కపెట్టడానికి. జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయంలో తయారైన ఫైఫాక్స్ యాప్ ఉచితమే, శబ్దాన్ని తరంగంగా చూపిస్తుంది. రికార్డు చేసుకుని కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌తో చూసినా సరే. ఇంజిన్ నిమిషానికి 900 సార్లు తిరుగుతుంటే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) సెకనుకు 15 చుట్లు వేస్తుంది. వాల్వులను నడిపే క్యామ్ అందులో సగం వేగంతో తిరుగుతుంది. సెకనుకు 7, 8 టిక్కులే ఉంటే ఒక వాల్వు గానీ, సరిగ్గా బిగించని స్పార్క్ ప్లగ్గు గానీ కావచ్చు. బిల్లులో ప్లగ్గులు మార్చినట్టుంటే రెండోదాన్నే ముందు చూడమనండి. సుమారు 15 ఉంటే అది క్రాంక్ వేగంతో తిరిగేది, ఇంటి వైద్యం వద్దు.

టకటక వస్తే చదును నేల మీద కారు ఆపి, పది నిమిషాలాగి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) తీసి చూడండి. ఆయిల్ తక్కువైనా చప్పుడే, పై గీత దాటి ఎక్కువ పోసినా చప్పుడే. ఎక్కువైతే క్రాంక్ దాన్ని చిలికి నురగ చేస్తుంది. ఇక ఏ చప్పుడుతోనైనా సరే, ఎర్ర ఆయిల్ లైటు వెలిగిందంటే ‘ఇంటిదాకా వెళ్లిపోదాం’ అనుకోకండి. అక్కడే ఇంజిన్ ఆపేయండి.

ప్రశ్న: కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లను ఫోన్‌లో చూపించే ఓబీడీ బ్లూటూత్ పరికరం కొన్నాను. ఇంజిన్‌లో కొత్తగా మోత వస్తున్నా యాప్‌లో ఎర్రర్ కోడ్ ఏమీ లేదు. పైగా మా ఆవిడ ఐఫోన్‌కు కనెక్టే కావడం లేదు. పరికరం నకిలీదా?
- విజయవాడ పాఠకుడు

జవాబు: రెండూ వేరే సంగతులు. ఓబీడీ సెన్సర్లు కొలిచేదే చెబుతుంది. అట్ట వదులైందని చెప్పే సెన్సర్ ఏ కారులోనూ లేదు. గాలిని కొలిచే సెన్సర్ దాటాక లీకుంటే పి0171 (పెట్రోలుతో పోలిస్తే గాలి ఎక్కువైందని అర్థం) లాంటి కోడ్ రావచ్చు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత దగ్గర సందుంటే, ఆ గాలి కూడా సెన్సర్ మీదుగానే వెళుతుంది కాబట్టి కోడ్ రాదు. దుమ్ము మాత్రం లోపలికి పోతూనే ఉంటుంది. కోడ్ లేదు కదా అని నిశ్చింతగా ఉండకండి. ఐఫోన్ విషయానికొస్తే, ఈఎల్ఎం 327 చిప్పు రకం చవక ఓబీడీ పరికరాల్లో చాలావరకు పాతతరం బ్లూటూత్ ఉంటుంది, అది ఆండ్రాయిడ్‌కే పనికొస్తుంది. ఐఫోన్‌కు వైఫై గానీ, ‘బ్లూటూత్ లో-ఎనర్జీ’ (బీఎల్ఈ) అనే కొత్తతరం బ్లూటూత్ గానీ ఉన్నది తీసుకోవాలి.

ప్రశ్న: ఇంజిన్ చప్పుడును వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో పంపితే, మెకానిక్ ‘ఏమీ వినపడట్లేదమ్మా’ అంటున్నాడు. నా ఫోన్ మైకు పాడైందా?
- వరంగల్ పాఠకురాలు

జవాబు: మైకు బాగానే ఉండి ఉంటుంది. వాయిస్ మెసేజ్ మాటల కోసం చేసింది. శబ్దాన్ని బాగా కుదించేస్తుంది. చాలా ఫోన్లు మాట స్పష్టంగా ఉండాలని వెనక ఆగకుండా వచ్చే రొదను తగ్గించేస్తాయి. మీకు కావాల్సింది ఆ రొదే! రికార్డర్ యాప్‌లో నాయిస్ రిడక్షన్ ఉంటే ఆపేసి, శబ్దాన్ని కుదించని డబ్ల్యూఏవీ (WAV) ఫార్మాట్‌లో రికార్డు చేసి, ఆ ఫైలును వాట్సాప్‌లో ‘డాక్యుమెంట్’గా పంపండి. పొద్దున్నే చల్లటి ఇంజిన్‌తో స్టార్ట్ చేసినప్పుడు ఒకటి, పావుగంట తిరిగొచ్చాక ఒకటి తీయండి. మొదటిదాంట్లో రెండు మూడు సెకన్లు మాత్రమే టకటకమని ఆగిపోతే, రాత్రి ఆయిల్‌ను వెనక్కి కారనివ్వకుండా ఆపాల్సిన ఫిల్టర్ వాల్వు మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఏ కంపెనీ ఆయిల్ ఫిల్టర్ వేశారో బిల్లులో చూసి, అది కూడా ఆ మెసేజ్‌లోనే రాసి పంపండి.