అతను వెంటనే ‘సరే’ అన్నాడు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. నాతో పనిచేసే అబ్బాయిని నాలుగేళ్లుగా ప్రేమిస్తున్నాను. అతనిది వేరే మతం, వాళ్ల నాన్నగారు దర్జీ. మాకు ఆస్తిపాస్తులున్నాయి. మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు అరిగిపోయిన చెప్పులు విడిచి, ఎవరికీ కనబడకుండా కాలితో మూలకు నెట్టాడు. మా మతంలోకి వస్తే పెళ్లి చేస్తానని నాన్న అంటే వెంటనే సరేనన్నాడు. ప్రేమ ఉంటే మిగతావి సర్దుకుంటాయి కదా?

జవాబు: ఆ చెప్పుల సంగతి మీ కంటపడింది, ఇన్నాళ్లూ గుర్తుంది. మీ ప్రేమ మీద నాకు నమ్మకం కలిగింది అందుకే. కానీ ‘వెంటనే సరేనన్నాడు’ అన్నచోట నేను ఆగిపోయాను. మనస్ఫూర్తిగా మతం మారేవాళ్లుంటారు, అది వాళ్లిష్టం. ఇతను మీ నాన్నగారికి ఎదురుచెప్పలేక ఒప్పుకున్నాడేమో! చిన్నప్పటి నుంచి చేసుకున్న ప్రార్థననీ ఆ చెప్పుల్లాగే మూలకు నెట్టేస్తున్నాడేమో కనుక్కోండి.

అసలు పెళ్లికి మతం మారక్కర్లేదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. మీలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో వివాహ అధికారికి నోటీసివ్వాలి. మరో 30 రోజుల్లో చట్టపరమైన అభ్యంతరం రాకపోతే ముగ్గురు సాక్షుల ఎదుట పెళ్లి. ఆ నోటీసు అందరికీ కనబడేలా అంటిస్తారు, కాబట్టి పెద్దవాళ్లకు ముందే మీ నోటితో చెప్పండి. మేజర్లు ఇష్టపడి చేసుకునే పెళ్లికి ఇంటివాళ్ల సమ్మతి తప్పనిసరి కాదని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

మతం సంగతికి ఒక దారుంది. నాకు బెంగంతా డబ్బు గురించే. నాలుగేళ్లలో దాని గురించి మీరిద్దరూ మాట్లాడుకున్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. జీతంలో వాళ్లింటికి ఎంత ఇస్తున్నాడు? పెళ్లయ్యాకా అది ఆగకూడదు, ఆపమని మీరు అడగనూ కూడదు. మీ నాన్నగారు ఇల్లు కొనిస్తానంటే? మీకది పుట్టింటి ప్రేమ. అతనికి మాత్రం ఆ ఇంట్లో నిద్రలేచిన ప్రతిరోజూ చెప్పులు మూలకు నెట్టినట్టే ఉంటుంది. చిన్న అద్దె ఇల్లయినా సరే, మీ ఇద్దరి జీతాలతో మొదలుపెట్టండి. మీకిది కష్టమే, తెలుసు. ముందు రెండు మూడు నెలల ఖర్చు కాగితం మీద ఇద్దరూ కలిసి రాసుకోండి. ఎక్కడ మాట తడబడుతుందో అక్కడే కూర్చుని తేల్చుకోండి.

అన్నట్టు, వాళ్లింటికి మీరు ఎప్పుడైనా వెళ్లారో లేదో రాయలేదు. వెళ్లండి, వాళ్లమ్మగారి పక్కన కూర్చోండి. కొడుకు మతం మారడానికి ఒప్పుకున్నాడని ఆవిడకు తెలుసా? వెళ్లేముందు అతన్ని ఈ ఒక్కమాట అడగండి.