ఆ ముసలమ్మ గొంతు ఎందుకు తీసేశావు?

తమ్ముడూ,

యూట్యూబ్‌లో పెట్టిన నీ షార్ట్ ఫిల్మ్ ఎక్కడా ఆపకుండా చూశాను. బాగుంది. తర్వాత నువ్వు పంపిన మేకింగ్ వీడియో చూశాను. అప్పట్నుంచీ ఒళ్లు మండుతోంది.

అందులో ఆ ముసలమ్మ కత్తిపీట ముందు కూర్చుని చేప పొలుసు గీకుతూ నీ కెమెరా కుర్రాణ్ణి కసురుతుంది: "ఎండన పడి ఏటి సూత్తన్నావురా, ఇలాగొచ్చి కూకో." మధ్యలో చిన్న దగ్గు, మళ్లీ గీకుడు. సినిమాలోనూ అదే మనిషి, అదే కత్తిపీట. గొంతు మాత్రం హైదరాబాద్ డబ్బింగ్ థియేటర్‌ది. "ఎండలో ఎందుకు నిలబడ్డావు బాబూ" అంటూ సీరియల్ అత్తగారిలా పలికింది. ఖర్చులో ఎక్కువ భాగం డబ్బింగ్‌కే పోయిందని రాశావు. డబ్బిచ్చి మరీ పోగొట్టుకున్నావన్నమాట.

గాలి హోరు పడిందన్నావు. పడుతుంది. కెమెరా మీది మైకు పది అడుగుల దూరం నుంచి గాలిని వింటుంది గానీ మనిషిని వినదు. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, ఓ కాలర్ మైకు ఆమె పైట మడతలో దాస్తే సరిపోయేది. షాట్ అయ్యాక అందర్నీ నోరు మూసుకోమని, ఆ చోటి చప్పుడు ఒక నిమిషం విడిగా పట్టుకోవాలి. ఎడిటింగ్‌లో అతుకులు కప్పేది అదే. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం సర్దుకుంటారు. గొంతు అబద్ధమైతే వేలితో పైకి తోసేస్తారు.

థంబ్‌నెయిల్ నిండా ఆ అవార్డుల ఆకుల ముద్రలేమిటి? ఎంట్రీ ఫీజు కడితే నెలనెలా అవార్డులు పంచే ఫెస్టివల్స్ అవి. ఆ డబ్బుకి మంచి మైకు వచ్చేది.

వ్యూస్ సంగతికొస్తే, యాడ్స్ డబ్బులో యూట్యూబ్ వాటా ఇవ్వాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. నీ 20 నిమిషాల సినిమాని 12,000 మంది చివరిదాకా చూస్తే గానీ ఆ గంటలు నిండవు. అమెజాన్ ప్రైమ్ వీడియో కూడా 2021లో, అడగకుండా పంపే షార్ట్ ఫిల్ములకి తలుపు వేసేసింది. నీకోసం ఎవరూ కాచుక్కూర్చోలేదు. మిగతా కుర్రాళ్ల దగ్గర లేనిది నీ దగ్గరున్నది ఆ గొంతొక్కటే.

షార్ట్ ఫిల్ముల నుంచి వచ్చిన సుజీత్ 2014లో 'రన్ రాజా రన్' తీసినప్పట్నుంచీ ప్రతివాడికీ షార్ట్ ఫిల్మ్ విజిటింగ్ కార్డయిపోయింది. నిర్మాత చూడాలని తీస్తారు. అందుకే అన్నీ ఒకే కాఫీ షాపులో జరిగినట్టుంటాయి. నువ్వేమో శ్రీకాకుళం జిల్లా భావనపాడు రేవు దాకా వెళ్లి, ఆ కాఫీ షాపు మాటలే పట్టుకొచ్చావు!

2018లో 'కేరాఫ్ కంచరపాలెం' వచ్చినప్పుడు మా విశాఖ మనుషులే, ఎనభై మందికి పైగా, తెర మీద కనబడ్డారు. ఎక్కడో చూసిన మొహాలు, పక్కింట్లో విన్న మాటలు. దాన్ని థియేటర్ దాకా చేర్చడానికి సురేష్ ప్రొడక్షన్స్ చెయ్యి కావలసొచ్చింది, కాదనను. కానీ ముందు ఆ మనుషులున్నారు, తర్వాతే ఆ చెయ్యి.

ఈ విషయంలో నాకు పాత కోపం ఒకటుంది. నా తొలి కథలో చేపలమ్మే ఆమె మాటల్ని ఒక వారపత్రిక ఎడిటరు శుభ్రంగా కడిగి అచ్చేశాడు. అడిగితే "అన్ని జిల్లాల వాళ్లకీ అర్థం కావాలి కదండీ" అన్నాడు. మా అమ్మకి చదివి వినిపిస్తే, "ఈవిడెవరు, టీచరమ్మా?" అంది. ఆ పత్రిక మూతపడి చాలా కాలమైంది. నాకు కోపం మాత్రం తగ్గలేదు.

ఇప్పుడు చెయ్యాల్సింది చెబుతా. మేకింగ్ వీడియో పట్టుకుని ఆమె దగ్గరికి మళ్లీ వెళ్లు. అందులో తన మాటలు తనకే వినిపించి, సినిమాలోవి తన తీరులో చెప్పమను. పెదవులు కలవని చోట కత్తిపీటనీ చేతుల్నీ చూపించు. టీవీలో పాత సినిమా పాట మోగే సీను తీసెయ్, కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది. సబ్‌టైటిల్స్ నువ్వే కూర్చుని రాయి, సిక్కోలు (శ్రీకాకుళం) మాట మెషీన్‌కి అంతుపట్టదు. అన్నీ అయ్యాక కొత్త లింకు పంపు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటాను.