అన్నం కొలత అదే, షుగర్ ఎందుకు వేరు?

ప్రశ్న: నా వయసు 52. ఐదేళ్లుగా షుగర్‌కు మాత్రలు వాడుతున్నాను. మధ్యాహ్నం ఎప్పుడూ కొలిచి ఒకటిన్నర గిన్నెల అన్నమే తింటాను. తోటకూర పప్పు, బీరకాయ కూర చేసుకున్న రోజున, తిన్న రెండు గంటలకు షుగర్ 165 వస్తోంది. చారు, ఆవకాయతో సరిపెట్టుకున్న రోజున 228 దాకా పోతోంది. నాలుగుసార్లు చూసినా ఇదే తీరు. అన్నం కొలత మారనప్పుడు ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోంది? మీటరులో లోపం ఉందంటారా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఒక్కసారి వచ్చిన తేడా అయితే మీటరును అనుమానించవచ్చు, ఎందుకంటే ఇళ్లలో వాడే మీటర్లు 15 శాతం దాకా అటూ ఇటూ చూపించడం మామూలే. నాలుగుసార్లూ ఒకే తీరుగా వచ్చిందంటే మాత్రం కారణం మీ కంచంలోనే ఉంది.

అన్నంలోని పిండిపదార్థం చిన్నపేగులోకి చేరాక గ్లూకోజుగా విడిపోయి రక్తంలో కలుస్తుంది. అందువల్ల ఎంత తిన్నామన్నదే కాక, తిన్నది పొట్టలోంచి పేగులోకి ఎంత వేగంగా దిగుతోందన్నది కూడా షుగర్‌ను నిర్ణయిస్తుంది. పప్పులోని మాంసకృత్తులు, పోపులోని నూనె ఆ వేగాన్ని తగ్గిస్తాయి. జీర్ణరసాలు పిండిపదార్థాన్ని అందుకోవడాన్ని ఆకుకూరలోనూ బీరకాయలోనూ ఉన్న పీచు ఆలస్యం చేస్తుంది. మాంసకృత్తులు ఇన్సులిన్ విడుదలకు కూడా తోడ్పడతాయి. చారులో ఇవేవీ చెప్పుకోదగినంత ఉండవు; చింతపండు రసం, మిరియాలు, జీలకర్ర, కాస్త పప్పుకట్టు పోగా మిగిలినదంతా నీరే. పైగా చారన్నం తినేటప్పుడు మీ చేతిని ఒకసారి గమనించండి. మెతుకులను మెత్తగా పిసికి, జారుగా కలిపి, దాదాపు నమలకుండానే జుర్రుకుంటాం. పప్పూ కూరా కలిసిన ముద్దను నాలుగుసార్లు నమిలితే గాని మింగలేం.

తినే వరుసకు కూడా ఇందులో పాత్ర ఉంది. 2015లో అమెరికాలోని వైల్ కార్నెల్ వైద్య కళాశాల పరిశోధకులు, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడుతున్న 11 మంది టైప్ 2 మధుమేహులకు ఒకే భోజనాన్ని రెండు వేర్వేరు రోజుల్లో రెండు వరుసల్లో పెట్టి చూశారు. ఒకనాడు రొట్టె, నారింజ రసం ముందుగా ఇచ్చి, పావుగంట తర్వాత కోడిమాంసం, కూరగాయలు పెట్టారు. మరొకనాడు వరుస తిరగేశారు. కూరగాయలు, మాంసం ముందు తిన్ననాడు గంటకు చూసిన షుగర్ సుమారు 37 శాతం, రెండు గంటలకు చూసినది సుమారు 17 శాతం తక్కువగా ఉన్నాయి. పదకొండు మంది అంటే చిన్న సంఖ్యే గాని, తర్వాత ఇతరులు చేసిన పరీక్షలు కూడా ఈ దారినే చూపాయి.

మన భోజనానికి దీన్ని అన్వయించుకోవడంలో ఒక చిక్కుంది. మనం కూరను కూరగా తినం, అన్నంలో కలుపుకోవడానికే వండుకుంటాం. పప్పుకు కొంత, కూరకు కొంత, పులుసుకు కొంత, చారుకు కొంత, చివరికి పెరుగుకు ఇంకొంత అంటూ అన్నం పెట్టుకుంటూ పోతే, వంటకాలు పెరిగినకొద్దీ అన్నమూ పెరుగుతుంది. నా దగ్గరికి వచ్చినవారిలో చాలామంది మొదటిసారి పెట్టుకున్న అన్నాన్నే లెక్క చెబుతారు; పెరుగులోకి వేసుకున్న గరిటెడు ఎవరికీ గుర్తుండదు. మీరు కొలుచుకుంటున్నారు కనుక సగం పని అయిపోయినట్టే. ఇకపై కూర్చోగానే ఒక గిన్నెడు కూరను, అర గిన్నె ముద్దపప్పునో పప్పుకూరనో అన్నం లేకుండా తినండి. ఆ తర్వాతే కొలిచిన అన్నం వడ్డించుకోండి. చారును మానుకోనక్కర్లేదు, గ్లాసులో పోసుకుని తాగండి. పెరుగన్నం బదులు మజ్జిగ తాగితే ఒక వడ్డన తగ్గుతుంది. బంగాళాదుంప, చేమదుంప, కంద వేపుళ్లను మాత్రం కూర కింద కాక అన్నం కిందే లెక్కించండి.

పప్పూ కూరా కలిసినంత మాత్రాన అన్నంలోని పిండిపదార్థం మాయం కాదు. వంద గ్రాముల అన్నంలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, అది నెమ్మదిగానైనా రక్తంలోకి చేరి తీరుతుంది. చాలామంది పెద్దలకు భోజనం తర్వాత షుగర్ 180 దాటకూడదన్నది లక్ష్యం కనుక, కూర ముందు తిన్నా ఆ గీత దాటుతుంటే అన్నం కొలత తగ్గించుకోవలసిందే. అయితే మీరు వాడే మాత్రల్లో గ్లిమెపిరైడ్ లాంటివి ఉంటే, అన్నం ఒక్కసారిగా తగ్గించడం వల్ల షుగర్ మరీ పడిపోవచ్చు; ముందుగా మీ డాక్టరుతో మాట్లాడండి. రెండు గంటల లెక్కను మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి చూడాలి, చేయి కడుక్కున్నప్పటి నుంచి కాదు.

ప్రశ్న: పెసరట్టు షుగర్‌కు మంచిదంటారు. హోటల్లో ఉప్మా పెసరట్టు తిన్న రోజున మాత్రం నాకు బాగా పెరుగుతోంది. ఎందుకు?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

జవాబు: పొట్టు పెసలలో మాంసకృత్తులూ పీచూ దండిగా ఉంటాయి కనుక ఒట్టి పెసరట్టు మంచి ఫలహారమే. దాని మధ్యలో పెట్టే ఉప్మా బొంబాయి రవ్వది. ఇక్కడ ఒక పిండిపదార్థానికి మరొకటి తోడవుతోంది తప్ప, ఒకదాన్ని మరొకటి అదుపు చేయడం లేదు. కరకరలాడడానికి పిండిలో కలిపే బియ్యం, అల్లం పచ్చడిలో పడే బెల్లం వీటికి అదనం. ఇంట్లో బియ్యం కలపకుండా రుబ్బి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, జీలకర్ర మాత్రమే చల్లి, బెల్లం లేని పచ్చడితో తిని చూడండి.

ప్రశ్న: కొవ్వు షుగర్‌ను ఆపుతుందని మా అబ్బాయి అంటాడు. అతను డల్లాస్‌లో ఉంటాడు, షుగర్‌ను ఎప్పటికప్పుడు చూపే గ్లూకోజు సెన్సర్ చేతికి పెట్టుకున్నాడు. ఒక రాత్రి బిర్యానీ తిన్న రెండు గంటలకు 150 మాత్రమే చూపిందట. అలాగైతే అన్నంలో నెయ్యి ఎక్కువ వేసుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: ఆ రాత్రి తిన్న నాలుగైదు గంటలకు సెన్సర్ గీత ఎటు పోయిందో మీ అబ్బాయిని చూడమనండి. కొవ్వు పొట్టలోని ఆహారాన్ని ఆలస్యం చేస్తుంది కాబట్టి రెండు గంటల అంకె ముచ్చటగా ఉంటుంది. ఆపైన గ్లూకోజు తీరిగ్గా వచ్చి చేరుతుంది, కొవ్వు ఎక్కువైన భోజనం తర్వాత ఇన్సులిన్ పనితనం కూడా కొన్ని గంటలు మందగిస్తుంది. ఆలస్యంగా పెరిగి, నిద్రలో గంటల తరబడి అలాగే నిలిచే షుగర్ మరింత చెరుపు. చెంచాడు నెయ్యి రుచికి చాలు. దాన్ని మందుగా వాడకండి.

ప్రశ్న: ఇన్సులిన్ తీసుకునే మా నాన్నగారికి మొన్న భోజనం వేళ తప్పి, చెమటలు పట్టి చేతులు వణికాయి. మీటరు 58 చూపింది. వెంటనే సున్నుండ పెట్టి పాలు ఇచ్చాం. తేరుకోవడానికి చాలాసేపు పట్టి హడలిపోయాం. మా పొరపాటు ఏమిటి?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీరు కంగారులో ప్రేమతో చేసిన పనిని తప్పుపట్టను. కాని మొదటి జవాబులో మేలు చేసిన, షుగర్‌ను ఆలస్యం చేసే గుణమే ఇక్కడ అడ్డం తిరిగింది. సున్నుండలోని చక్కెరను మినప్పిండీ నెయ్యీ పట్టి ఉంచాయి. పాలలోనూ మాంసకృత్తులు, కొవ్వు ఉన్నాయి. షుగర్ 70 కన్నా దిగినప్పుడు కావలసింది తోడేమీ లేని ఒట్టి చక్కెర. మూడు చెంచాల చక్కెరనో గ్లూకోజు పొడినో నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి. అప్పటికీ 70 దాటకపోతే మరోసారి అంతే ఇవ్వండి. దాటాక మామూలు భోజనం పెట్టండి, సున్నుండ కూడా అప్పుడే. మనిషి స్పృహలో లేకపోతే మాత్రం నోట్లో చుక్క కూడా పోయకుండా, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.