ఎండిపోతున్న ఏటిలో చేపల మడుగులు చూడబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

ఈ వేసవిలో గుండ్లకమ్మలో దిగి, మన నాటు చేపలు బతికే చోట్లు సర్వే చేస్తానని రాశావు. చాలా సంతోషం. నిండుగా పారే ఏటిలో చేప ఎక్కడైనా ఉంటుంది, అప్పుడు చూసి చెప్పగలిగేది తక్కువ. నల్లమలలో పుట్టి, కంభం మీదుగా అద్దంకి దాటి సముద్రం చేరే ఈ ఏరు ఎండలు ముదిరేసరికి చాలాచోట్ల తెగిపోయి మడుగులుగా మిగులుతుంది. రైతు ఇంట్లో విత్తనాల గాదె ఎలాంటిదో ఏటికి ఆ మడుగులు అలాంటివి. వానలు పడ్డాక ఏరంతా మళ్లీ చేప కనపడాలంటే అక్కడ బతికి బయటపడినవే దిక్కు. కాబట్టి నీ పనంతా వాటి చుట్టూనే పెట్టుకో.

ఏప్రిల్ చివర, మే మొదట్లో వెళ్లు. మధ్యలో గాలివాన పడితే నీళ్లు తేరుకునేదాకా ఆగు. ఏరు ఎంత వెడల్పుంటే దానికి నలభై రెట్లు పొడవున్న ముక్క సర్వేకు తీసుకో. 5 మీటర్ల వెడల్పుకు 200 మీటర్లు. ఎప్పుడూ దిగువ నుంచి ఎగువకు నడువు. పైనుంచి దిగితే నీ అడుగులకు లేచిన బురద ముందుకు పారి, నువ్వు చూడాల్సిన నీళ్లే మురికవుతాయి. కుడి గట్టు, ఎడమ గట్టు రాసేటప్పుడు దిగువకు తిరిగి నిలబడి రాయాలి, మరిచిపోకు.

మడుగు లోతు కొలిచే పద్ధతి జాగ్రత్తగా విను. అందరూ లోతైన చోట కర్ర దించి, అంకె రాసుకుని వచ్చేస్తారు. అది ఆ రోజు నీటిమట్టం మాత్రమే. దానితో పాటు నీళ్లు పొర్లి కిందికి పోయే అంచు దగ్గర కూడా లోతు కొలువు. లోపల 110 సెంటీమీటర్లు, అంచు దగ్గర 15 ఉన్నాయనుకో. తీసివేస్తే 95. పారకం పూర్తిగా ఆగిపోయిన రోజు మడుగులో నిలిచేది ఆ 95 సెంటీమీటర్లే. ఈ అంకె నువ్వు ఎప్పుడు వెళ్లినా పెద్దగా మారదు, అందుకే వేరువేరు రోజుల్లో చూసిన మడుగులను దీనితో పోల్చవచ్చు.

అయితే మనది ఇసుక ఏరు. భూగర్భ జలం దిగితే మడుగు నీళ్లు ఆ అంచు కంటే కిందికి కూడా పోతాయి. పక్క చేలకు నీళ్లు తోడే మోటార్లు ఉంటే ఇంకా త్వరగా పోతాయి. ఒడ్డున కదలని బండ మీద పెయింటుతో గీత పెట్టి, రెండు వారాలకోసారి నీళ్లు ఎంత దిగాయో చూడు. మడుగులోకి ఎన్ని పైపులు దించారో కూడా రాసుకో. ఇసుక తవ్విన గుంటలను మడుగులుగా లెక్కవేయకు. వాటి అంచులు నిట్టనిలువుగా ఉంటాయి, నీడా వేర్లూ ఉండవు. దగ్గరకు పోకు, అంచు విరిగి పడుతుంది.

నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారుజామున, పొద్దు పొడవక ముందే కొలవాలి. రాత్రంతా నాచు కూడా ఊపిరి పీల్చుకుంటుంది కాబట్టి అప్పుడే ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. మధ్యాహ్నం కొలిస్తే అదే నాచు పుణ్యమా అని మీటరు మంచి అంకె చూపిస్తుంది, మడుగు బాగుందని మోసపోతావు.

కొర్రమీను కనిపించిందని కూడా సంబరపడకు. కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి చేపలు పైకి వచ్చి గాలి పీల్చుకోగలవు, కుళ్లిన నీళ్లలోనూ కొన్నాళ్లు నెట్టుకొస్తాయి. మడుగు ఆరోగ్యం చెప్పేవి పరిగెల్లాంటి చిన్న చేపలు. అవి ఉన్నాయా, ఏ సైజులో ఉన్నాయి, పిల్లలున్నాయా అన్నది చూడు. మొదట పావుగంట ఒడ్డున కదలకుండా కూర్చుని చూసి, ఆ తర్వాతే వల ముట్టుకో.

వల వేయాలంటే ముందు మత్స్యశాఖ వాళ్ల అనుమతి తీసుకో. పొద్దెక్కి నీళ్లలో ఆక్సిజన్ కాస్త పెరిగాక మొదలుపెట్టి, ఎండ ముదరకముందే ముగించు. విసురు వలే చాలు. ప్రతి మడుగులో ఒకే మనిషి, అన్నే విసుర్లు. చేతులు తడిపి పట్టుకో, స్కేలు పక్కన ఫోటో తీసి వెంటనే వదిలెయ్యి. ఎర్రటి కొర్రమీను పిల్లలు గుంపుగా కనిపిస్తే అక్కడ వల వేయకు, తల్లీదండ్రీ కిందే కాపలా ఉంటాయి. బొమ్మిడాయిలు పగలు ఇసుకలోనూ వేర్ల కిందా దూరి ఉంటాయి, విసురు వలకు దొరకవు. నెల్లూరు వైపు వాటి పులుసుకు ప్రాణమిస్తాం గానీ, అవి దాక్కునే వేర్లను మాత్రం పీకేస్తున్నాం. ఒడ్డున ఎన్ని మీటర్ల మేర వేర్లు నీళ్లలోకి దిగి ఉన్నాయో టేపుతో కొలిచి రాయి.

చేప దొరకని మడుగును కూడా అంతే శ్రద్ధగా రాయాలి. జిలేబీ చేపలు (తిలాపియా) పడితే, అవి మన నాటువి కావు కాబట్టి వేరే పట్టీలో రాసుకో. మందు కలిపిన, బాంబు వేసిన గుర్తులు కనిపిస్తే ఫోటో తీసి అధికారులకు చెప్పు. 1897 నాటి మత్స్య చట్టం నుంచే అది నేరం.

ఒంటరిగా దిగకు. పైన ప్రాజెక్టు నుంచి నీళ్లు వదులుతున్నారేమో ముందురోజే కనుక్కో.

యానాది పెద్దలు కనిపిస్తే పక్కన కూర్చుని, గడ్డు కరువులో కూడా ఎండని మడుగు ఏదో అడుగు. వాళ్లు చెప్పిన చేప పేరు చెప్పినట్టే రాసుకో. అలాంటి మడుగుల లొకేషన్ మాత్రం ఫేస్‌బుక్‌లో పెట్టకు. వారం తిరక్కుండా ఎవరో మోటారు తెచ్చి, తోడి, అడుగున ఉన్నదంతా ఏరుకుపోతారు. రిపోర్టులో ఊరి పేరు వరకు రాసి, మిగతాది మత్స్యశాఖ వాళ్లకు విడిగా ఇవ్వు.

నా కొలకర్ర, విసురు వల తీసి పెట్టాను. వచ్చి పట్టుకెళ్లు.

మీ మామయ్య