బీఎస్సీ పిల్లలకు మాలిక్యులర్ బయాలజీ ల్యాబ్‌లో పనేంటి?

"బీఎస్సీ బయోటెక్నాలజీ చదువుతున్నాను. సెలవుల్లో యూనివర్సిటీ ల్యాబ్‌లో చేరితే ఉపయోగం ఉంటుందా, టైం వృథానా?" అని ఒక విద్యార్థి అడిగారు.

చేరండి. కాకపోతే పిపెట్ (కొద్దికొద్దిగా ద్రవాన్ని కొలిచి తీసే పరికరం) మీ చేతికిస్తారో లేదో ముందే అడిగి చేరండి.

మాది దామలచెరువు దగ్గర పల్లె, మామిడి తోట ఉంది. తిరుపతిలో డిగ్రీ మొదటి రెండేళ్లలో డీఎన్‌ఏ ముక్కకు లక్షల కాపీలు తీసే పీసీఆర్ మెషీన్‌ని ఒక్కసారే చూశాను, అదీ నలభై మంది వెనక నిలబడి. మేడమ్ చేసి చూపించారు, మేం రికార్డులో బొమ్మ వేశాం. గీతలు వంకరగా ఉన్నాయని మార్కులు తగ్గించారు. డీఎన్‌ఏ ముక్కల్ని సైజు వారీగా విడదీసే జెల్‌లో ఆ బ్యాండ్ (డీఎన్‌ఏ గీత) ఎందుకు వచ్చిందని మాత్రం ఎవరూ అడగలేదు. రికార్డుల మీద పోసే కష్టంలో సగం పిపెట్ మీద పెట్టినా మన పిల్లలు ఎక్కడో ఉండేవాళ్లు.

ఆ వేసవిలో ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో, పీహెచ్‌డీ చేస్తున్న అక్క దగ్గర ఆరు వారాలు ఉన్నాను. "మీ తోటలో ఆకులు తీసుకురామ్మా, డీఎన్‌ఏ తీద్దువు" అంది. బెంగళూరా మామిడి ఆకులు కవర్లో వేసుకుని బస్సెక్కాను. పల్ప్ ఫ్యాక్టరీల వాళ్లు తోతాపురి అనేది దాన్నే.

ఆకు నూరి, కణాల్ని పగలగొట్టి డీఎన్‌ఏని బయటికి తెచ్చే సీటాబ్ బఫర్‌లో 65 డిగ్రీల దగ్గర ఉంచి, క్లోరోఫామ్ కలిపి తిప్పి, చివరికి డీఎన్‌ఏ తీశాను. తెల్లగా ఉండాల్సింది గోధుమరంగులో జిగటగా ఉంది. అయినా ఎంజైమ్, మిగతా రసాయనాలు కలిపిన మిక్స్‌లో దాన్ని వేసి పీసీఆర్ పెట్టాను. కాపీలు తీసే 35 సైకిళ్లయ్యాక జెల్‌లో చూస్తే ల్యాడర్ (సైజు పోల్చడానికి పక్కన వేసే డీఎన్‌ఏ) తప్ప ఏమీ లేదు. డీఎన్‌ఏ చాల్లేదేమోనని రెట్టింపు వేశాను, మళ్లీ ఖాళీ. నాలుగు రోజులు ఇదే వరస. టెన్షన్‌తో రాత్రుళ్లు నిద్ర పట్టలేదు.

అక్కకు కారణం తెలుసు, అయినా చెప్పలేదు. "తప్పు మిక్స్‌లో ఉందా, మెషీన్‌లో ఉందా, నీ డీఎన్‌ఏలో ఉందా? నువ్వే కనుక్కో" అంది. అదే మిక్స్‌లో అక్క తీసిపెట్టుకున్న వరి డీఎన్‌ఏ వేశాను. బ్యాండ్ వచ్చింది. అంటే మిక్స్, మెషీన్ రెండూ బాగానే ఉన్నాయి. తర్వాత ఆ వరి డీఎన్‌ఏ ట్యూబులోనే నా మామిడి డీఎన్‌ఏ కొంచెం కలిపాను. వరి బ్యాండ్ కూడా పోయింది!

అప్పుడు అర్థమైంది. మామిడి ఆకులో పాలీఫినాల్స్ అనే పదార్థాలు ఎక్కువ. అవి డీఎన్‌ఏతో పాటే వచ్చేసి డీఎన్‌ఏ కాపీలు తీసే టాక్ ఎంజైమ్‌ని పని చేయనివ్వడం లేదు. నేను రెట్టింపు వేసినప్పుడు ఆ చెత్త కూడా రెట్టింపైంది. డీఎన్‌ఏని 50 రెట్లు పలచన చేసి పెట్టాను. 600 బేస్ జతల (డీఎన్‌ఏ పొడవు కొలత) దగ్గర చక్కటి బ్యాండ్. యూవీ వెలుగులో దాన్ని చూస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. కంట్రోల్ (ఫలితం ముందే తెలిసిన, పోల్చి చూసే ప్రయోగం) అనే మాట పరీక్షల్లో ఎన్నిసార్లు రాశానో, దాని అర్థం మాత్రం ఆ రోజే తెలిసింది.

ఇంకో మాట చెప్పాలి. డబ్బు కట్టించుకుని బైండింగ్ చేసిన ప్రాజెక్టు రిపోర్టు, సర్టిఫికెట్ చేతిలో పెట్టే చోట్లున్నాయి. మా క్లాసులో చాలామంది అలాగే కొనుక్కున్నారు. వాళ్లను ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్న గట్టిగా అడిగితే చాలు, నోరు పెగలదు. ఏర్పేడులో ఐసర్ (కేంద్ర సైన్స్ విద్యాసంస్థ) వచ్చాక, రీసెర్చ్ అంటే అక్కడి పిల్లలకే అనుకోవడం కూడా ఎక్కువైంది. మొదలుపెట్టడానికి మామిడాకు చాలు, అది అందరి ఇళ్ల దగ్గరా ఉంది కదా.

ఇప్పుడు నేనూ డిగ్రీ పిల్లలకు ల్యాబ్ చెప్తున్నాను. మొదటి వారమంతా ఒట్టి నీళ్లే. 100 మైక్రోలీటర్లు తీసి త్రాసు మీద వదిలితే 0.1 గ్రాము తూగాలి. పదిసార్లు వరసగా తూగితేనే ఎంజైమ్ ట్యూబు ఇస్తాను. ఖరీదైన ఎంజైమ్ పాడు చేస్తారని తోటి లెక్చరర్లు భయపెట్టారు. ఇలా నేర్పాక పాడు చేసినవాళ్లు దాదాపు లేరు. జెల్ ఖాళీగా వస్తే కారణం నేను చెప్పను, పక్కన కూర్చుని "ఇప్పుడేం చేద్దామమ్మా?" అని అడుగుతాను.